భాగం - 9 : వేడి, తేమ గల ప్రాంతాల్లో దీర్ఘదూర ట్రయాథ్లాన్ - విశాఖపట్నం ఉదాహరణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 దీర్ఘదూర ట్రయాథ్లాన్ : దూరాలు, నేపథ్యం
9.3 దేహంలో వేడి - రాకపోకలు
9.4 తడి బల్బు గోళ ఉష్ణోగ్రత
9.5 విశాఖ తీరంలో ఈత, సైకిల్, పరుగు
9.6 వాతావరణానికి అలవాటు పడటం
9.7 నీరు, ఉప్పు
9.8 ప్రమాద సూచనలు, ప్రథమ చికిత్స
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
• వ్యాయామ సమయంలో దేహంలో పుట్టే వేడిని, బయటికి పోయే వేడిని లెక్కగట్టగలుగుతారు.
• పొడి వేడికీ, తేమతో కూడిన వేడికీ గల తేడాను వివరించగలుగుతారు.
• తడి బల్బు గోళ ఉష్ణోగ్రతను గణించి, దాని ఆధారంగా నిర్ణయం తీసుకోగలుగుతారు.
• మీ చెమట రేటును స్వయంగా కొలుచుకోగలుగుతారు.
• శ్రమ వల్ల వచ్చే వడదెబ్బను గుర్తించి, తక్షణం చేయవలసిన చికిత్సను చెప్పగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

గత భాగంలో దీర్ఘకాలిక వ్యాయామానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నాం. ఆ శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. చల్లని దేశాల్లో ఈ వేడి పెద్ద సమస్య కాదు. మన తీరప్రాంతంలో మాత్రం పోటీ ఫలితాన్నే కాదు, కొన్నిసార్లు ప్రాణాన్ని కూడా ఇదే నిర్ణయిస్తుంది.

విశాఖపట్నం వాసులకు ఉక్కపోత అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో ఇక్కడి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అదే నెలలో రాయలసీమలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అంకెలు మాత్రమే చూస్తే విశాఖ చల్లగా ఉన్నట్లే. కానీ అనంతపురంలో ఆరేసిన బట్టలు గంటలో ఆరిపోతాయి, విశాఖలో పూటంతా పడుతుంది. కుండలో నీళ్లు అక్కడ చల్లబడినంతగా ఇక్కడ చల్లబడవు. కుండకు వర్తించే సూత్రమే మనిషి చర్మానికీ వర్తిస్తుంది. ఈ భాగం మొత్తానికి ఆధారం ఈ ఒక్క పోలికే.

మీలో కొందరు ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, నౌకానిర్మాణ కేంద్రంలోనో పనిచేస్తూ చదువుతుండవచ్చు. మరికొందరు పోలీసు, సైనిక ఎంపికల పరుగు పరీక్షలకు సిద్ధమవుతుండవచ్చు. ట్రయాథ్లాన్‌లో ఎన్నడూ పాల్గొనకపోయినా ఇక్కడి విషయాలు మీకు ఉపయోగపడతాయి. ఎక్కువ గంటల శ్రమ, వేడి, తేమ కలిసిన ప్రతిచోటా నియమాలు ఒకటే.

9.2 దీర్ఘదూర ట్రయాథ్లాన్ : దూరాలు, నేపథ్యం

ఈత, సైకిల్ తొక్కడం, పరుగు - ఈ మూడింటినీ విరామం లేకుండా వరుసగా పూర్తిచేసే పోటీని ట్రయాథ్లాన్ అంటారు. దూరాన్ని బట్టి ఇందులో రకాలున్నాయి.

• ఒలింపిక్ దూరం : ఈత 1.5 కి.మీ., సైకిల్ 40 కి.మీ., పరుగు 10 కి.మీ.
• అర్ధ ఐరన్‌మ్యాన్ : ఈత 1.9 కి.మీ., సైకిల్ 90 కి.మీ., పరుగు 21.1 కి.మీ.
• పూర్తి ఐరన్‌మ్యాన్ : ఈత 3.8 కి.మీ., సైకిల్ 180 కి.మీ., పరుగు 42.2 కి.మీ.

చివరి రెండింటిని దీర్ఘదూర పోటీలుగా పరిగణిస్తారు. పూర్తి ఐరన్‌మ్యాన్‌ను ముగించడానికి సాధారణంగా 17 గంటల గడువు ఇస్తారు. అంటే తెల్లవారుజామున నీటిలో దిగిన వ్యక్తి మధ్యాహ్నపు ఎండనంతా రోడ్డు మీదే భరించాలి.

ఈ పోటీ పుట్టినదే ఉష్ణమండలపు దీవిలో. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓవాహు దీవిలో జరిగిన మొదటి పోటీలో 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. 1981లో పోటీని హవాయి పెద్ద దీవిలోని కోనా పట్టణానికి మార్చారు. నల్లని లావా రాళ్ల మధ్య సాగే ఆ మార్గంలో వేడి, తేమ, ఈదురుగాలి మూడూ ఉంటాయి. మన దేశంలో 2019 అక్టోబరు 20న గోవాలోని మిరామార్ తీరంలో అర్ధ ఐరన్‌మ్యాన్ పోటీ మొదటిసారి జరిగింది. విశాఖ లాగే గోవా కూడా సముద్రతీరమే.

అనుభవజ్ఞులు కూడా వేడిని తక్కువగా అంచనా వేసి దెబ్బతిన్న సందర్భాలున్నాయి. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కోజుమెల్ దీవిలో జరిగిన ప్రపంచ సిరీస్ ఆఖరి పోటీలో బ్రిటన్‌కు చెందిన జానీ బ్రౌన్లీ మొదటి స్థానంలో పరుగెడుతూ, గమ్యానికి కొన్ని వందల మీటర్ల దూరంలో తూలిపోయాడు. వెనుక వస్తున్న అన్న అలిస్టర్ అతణ్ణి భుజం మీద ఆనించుకుని గీత దాటించాడు. అది ఒలింపిక్ దూరపు పోటీ మాత్రమే. నెల ముందే ఒలింపిక్ రజతం గెలిచిన క్రీడాకారునికే రెండు గంటల లోపు ఆ స్థితి వచ్చిందంటే, అంతకు మూడు నుంచి ఎనిమిది రెట్లు సమయం పట్టే పోటీలో సామాన్యులు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

9.3 దేహంలో వేడి - రాకపోకలు

9.3.1 వేడి లెక్క

కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు, ఐదో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగిలినదంతా వేడే. ఒక ఉదాహరణ తీసుకుందాం.

70 కిలోల బరువున్న వ్యక్తి గంటకు 10 కి.మీ. వేగంతో పరుగెడుతున్నాడు. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. కాబట్టి :

గంటకు ఖర్చయ్యే శక్తి = 70 × 10 = 700 కిలోకేలరీలు
ఇందులో వేడిగా మారేది = సుమారు 550 కిలోకేలరీలు

70 కిలోల దేహాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 58 కిలోకేలరీలు చాలు. ఆ వేడి ఏమాత్రం బయటికి పోకపోతే, ఆరేడు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున దేహం వేడెక్కుతుంది. 37 డిగ్రీల నుంచి 40 డిగ్రీలు చేరడానికి 20 నిమిషాలు పట్టదు. మనం గంటల తరబడి పరుగెత్తగలుగుతున్నామంటే, పుట్టిన వేడి పుట్టినట్లే బయటికి పోతున్నదన్నమాట.

9.3.2 వేడి బయటికి పోయే మార్గాలు

దేహం నాలుగు విధాలుగా వేడిని వదులుతుంది : వహనం (తాకిన వస్తువుకు), సంవహనం (కదిలే గాలికి లేదా నీటికి), వికిరణం (దూరంగా ఉన్న వస్తువులకు), బాష్పీభవనం (చెమట ఆవిరి కావడం ద్వారా).

చర్మం ఉష్ణోగ్రత వేడిలో 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి కూడా దాదాపు అంతే వేడిగా ఉన్నప్పుడు మొదటి మూడు మార్గాలు మూసుకుపోతాయి. పైగా ఎండ, తారు రోడ్డు, ఎదురుగా ఉన్న రాతి గోడ వేడిని దేహానికే ఇస్తాయి. అప్పుడు మిగిలేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. పై ఉదాహరణలోని వ్యక్తికి గంటకు ఒక లీటరు చెమట ఆవిరైతే సరిపోతుందన్నమాట.

9.3.3 తేమ పెట్టే అడ్డు

'ఆవిరైతే' అన్న మాటను గమనించండి. కారి నేల మీద పడిన చెమట దేహాన్ని చల్లబరచదు. చొక్కా పిండితే కారే చెమట కూడా అంతే. గాలిలో ఇప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే చర్మం మీది నీరు ఆవిరి కావడానికి చోటుండదు. 'ఈ రోజు బాగా చెమట పట్టింది, ఒళ్లు చల్లబడింది' అనుకోవడం తీరప్రాంతంలో తరచు తప్పవుతుంది. కారే చెమట అంటే వృథా అయిన చెమట. నీరూ ఉప్పూ పోయాయి, వేడి మాత్రం పోలేదు.

మరో లెక్క చూడండి. ఒక రోజు ఎండ, తేమ, గాలి స్థితిని బట్టి దేహం నుంచి గంటకు 450 కిలోకేలరీల వేడి మాత్రమే బయటికి పోగలదనుకుందాం. అదే వ్యక్తి అర్ధ ఐరన్‌మ్యాన్‌లోని 21.1 కి.మీ. పరుగు మొదలుపెట్టాడు.

(అ) గంటకు 10 కి.మీ. వేగంతో : పుట్టే వేడి 550, పోయేది 450, మిగులు 100 కిలోకేలరీలు. దేహ ఉష్ణోగ్రత గంటకు సుమారు 1.7 డిగ్రీలు పెరుగుతుంది. సైకిల్ దిగేసరికి 38 డిగ్రీలుంటే, రెండు గంటల తరువాత 41 దాటుతుంది.

(ఆ) గంటకు 8 కి.మీ. వేగంతో : ఖర్చు 560, పుట్టే వేడి సుమారు 440, పోగలిగేది 450. ఉష్ణోగ్రత పెరగదు.

మొదటి వేగంతో పరుగు 2 గంటల 7 నిమిషాల్లో, రెండో వేగంతో 2 గంటల 38 నిమిషాల్లో ముగుస్తుంది. తేడా అరగంట. కానీ మొదటి వేగంతో బయలుదేరిన వ్యక్తి అసలు గమ్యం చేరకపోవచ్చు. ఇవి స్థూలమైన లెక్కలే అయినా సూత్రం స్పష్టం : తేమ ఉన్న చోట మన వేగాన్ని నిర్ణయించేది కాళ్ల బలం కాదు, చుట్టూ ఉన్న గాలి తీసుకోగలిగిన వేడి. చల్లని ఊళ్లో సాధించిన సమయాన్ని ఇక్కడ లక్ష్యంగా పెట్టుకోకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
1. 60 కిలోల వ్యక్తి గంటకు 9 కి.మీ. వేగంతో పరుగెడితే గంటకు ఎంత శక్తి ఖర్చవుతుంది?
2. కారిపోయే చెమట దేహాన్ని ఎందుకు చల్లబరచదు?

9.4 తడి బల్బు గోళ ఉష్ణోగ్రత

వేడి తీవ్రతను ఒక్క థర్మామీటరుతో చెప్పలేమని తెలిసింది. మరి దేనితో చెప్పాలి? 1950వ దశకంలో అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు ఎక్కువై, వాటిని నివారించడానికి ఒక సూచికను రూపొందించారు. దానినే తడి బల్బు గోళ ఉష్ణోగ్రత అంటారు. ఇందులో మూడు కొలతలుంటాయి.

• తడి బల్బు ఉష్ణోగ్రత : బల్బుకు తడి గుడ్డ చుట్టి, ఆరుబయట ఉంచిన థర్మామీటరు చూపేది. తేమ, గాలి వీచే తీరు రెండూ ఇందులో తెలుస్తాయి.
• గోళ ఉష్ణోగ్రత : నల్లరంగు పూసిన బోలు గోళం లోపల ఉంచిన థర్మామీటరు చూపేది. ఎండ తీవ్రత ఇందులో తెలుస్తుంది.
• గాలి ఉష్ణోగ్రత : నీడలో మామూలు థర్మామీటరు చూపేది.

ఆరుబయట వాడే సూత్రం :
సూచిక = (0.7 × తడి బల్బు) + (0.2 × గోళం) + (0.1 × గాలి)

తడి బల్బుకు నూటికి 70 పాళ్లు, గాలి ఉష్ణోగ్రతకు 10 పాళ్లు మాత్రమే ఇచ్చారు. ఎందుకో 9.3లో చదివారు. ఇప్పుడు రెండు ఊళ్లను పోల్చుదాం. ఇవి లెక్క కోసం తీసుకున్న విలువలు.

విశాఖ తరహా తీరం : తడి బల్బు 27, గోళం 42, గాలి 32
18.9 + 8.4 + 3.2 = 30.5

అనంతపురం తరహా పొడి ప్రాంతం : తడి బల్బు 22, గోళం 50, గాలి 40
15.4 + 10.0 + 4.0 = 29.4

గాలి ఉష్ణోగ్రత 8 డిగ్రీలు తక్కువగా ఉన్నా, శ్రమ చేసే దేహానికి తీరమే ఎక్కువ ప్రమాదకరం.

అమెరికా సైన్యం ఈ సూచికను జెండాల రంగులతో అమలు చేస్తుంది : 26.7 డిగ్రీల నుంచి ఆకుపచ్చ, 29.4 నుంచి పసుపు, 31.1 నుంచి ఎరుపు, 32.2, ఆపైన నలుపు. నల్ల జెండా ఎగిరితే కఠిన వ్యాయామం ఆపివేస్తారు. పరిశ్రమల్లో వేడి వల్ల కార్మికునిపై పడే భారాన్ని అంచనా వేసే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 7243 కూడా ఈ సూచికపైనే ఆధారపడింది. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర నిలబడే కార్మికునికీ, బీచ్ రోడ్డు మీద పరుగెత్తే క్రీడాకారునికీ కొలబద్ద ఒకటే.

నిర్వాహకుల నిర్ణయాల్లోనూ ఈ అవగాహన కనిపిస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో వేడికి భయపడి మారథాన్‌ను ఎంతో ఉత్తరాన ఉన్న సప్పొరో నగరానికి తరలించారు. టోక్యోలోనే ఉంచిన ట్రయాథ్లాన్‌ను ఉదయం ఆరున్నరకు ప్రారంభించారు. విశాఖ బీచ్ రోడ్డులో తూర్పు నౌకాదళం నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ వేసవిలో కాక సంవత్సరాంతపు నెలల్లో, తెల్లవారుజామున మొదలవడం గమనించండి.

9.5 విశాఖ తీరంలో ఈత, సైకిల్, పరుగు

మూడు దశల్లో దేహం వేడిని వదిలే తీరు వేరువేరుగా ఉంటుంది. వాటిని విశాఖ తీరానికి అన్వయించి చూద్దాం.

9.5.1 ఈత

నీరు గాలి కంటే చాలా వేగంగా దేహం నుంచి వేడిని లాగేస్తుంది. అందుకే చల్లని దేశాల్లో వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తులు తొడుక్కుంటారు. విశాఖ సముద్రపు నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 25 డిగ్రీలకు పైనే ఉంటుంది. అంత గోరువెచ్చని నీటిలో వెట్‌సూట్ మేలు చేయకపోగా వేడిని బంధిస్తుంది. నీటి ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు దాటితే నిర్వాహకులే దానిని నిషేధిస్తారు. నీటిలో ఉన్నప్పుడు కూడా చెమట పడుతుంది, కాని మనకు తెలియదు. ఈత ముగిసేసరికే కొంత నీటిని కోల్పోయి ఉంటామని గుర్తుంచుకోవాలి.

వేడి కన్నా ముందు గమనించవలసిన ప్రమాదం మరొకటుంది. విశాఖ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే బలమైన ప్రవాహాలున్నాయి. ఇవి ఎన్నో ప్రాణాలను బలిగొన్నాయి. సముద్రంలో ఒంటరిగా సాధన చేయకూడదు. ఈత కొలనులో దూరం పెంచుకుని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, పడవ తోడుగా ఉన్నప్పుడే సముద్రంలో దిగాలి. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 52 ఏళ్ల వయసులో 2024 డిసెంబరు చివర విశాఖ తీరంలో బయలుదేరి, రోజుకు కొంత చొప్పున ఈదుతూ, 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరారు. సుమారు 150 కి.మీ. సాగిన ఆ ఈత చలికాలంలో, తోడు బృందంతో సాగింది. కాలాన్ని ఎంచుకోవడం కూడా సన్నద్ధతలో భాగమే.

9.5.2 సైకిల్

గంటకు 25-30 కి.మీ. వేగంతో వెళ్లేవారు తమ గాలిని తామే సృష్టించుకుంటారు. చెమట వెంటనే ఆవిరవుతుంది. ఒళ్లు చల్లగా అనిపిస్తుంది. ఈ సుఖమే మోసం చేస్తుంది. ఎంత నీరు పోతున్నదో తెలియక తాగడం మానేస్తారు, బలం ఉందనిపించి వేగం పెంచుతారు. దాని ఫలితం పరుగులో బయటపడుతుంది. తాగడానికి, తినడానికి మూడు దశల్లోనూ సైకిలే అనువైనది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గి గాలి తగ్గుతుంది, శ్రమ మాత్రం పెరుగుతుంది. కైలాసగిరి, రుషికొండ పరిసరాల ఎత్తుపల్లాల్లో సాధన చేసేవారికి ఇది అనుభవంలోకి వస్తుంది.

9.5.3 పరుగు

వడదెబ్బ ప్రమాదం ఎక్కువగా ఉన్నది పరుగులోనే. శ్రమ ఎక్కువ, సొంత గాలి తక్కువ, ఎండ నెత్తి మీదికి వచ్చే వేళ.

గాలి దిశను కూడా గమనించాలి. వేసవిలో విశాఖలో నైరుతి దిక్కు నుంచి గాలులు ఎక్కువగా వీస్తాయి. రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి వైపు రోడ్డు ఈశాన్యంగా సాగుతుంది. అటు పరుగెత్తేవారికి గాలి వీపు మీది నుంచి వస్తుంది. గాలి వేగం, పరుగు వేగం దాదాపు సమానమైతే చర్మానికి గాలి ఆడనట్లే. ఎదురుగాలిలో తిరిగి వచ్చేటప్పుడు శ్రమ పెరిగినా ఒళ్లు చల్లబడుతుంది. వెనుక గాలి ఉన్న సగంలో వేగం పెంచాలనే కోరికను అదుపులో పెట్టుకోవాలి.

తెల్లవారుజామున బయలుదేరితే తేమ తప్పుతుందని అనుకోకూడదు. తీరంలో సాపేక్ష ఆర్ద్రత తెల్లవారుజామునే ఎక్కువ. తడి బల్బు ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ పెద్దగా మారదు. వేకువ ప్రారంభం వల్ల తప్పేది ఎండ మాత్రమే. అది కూడా విలువైనదే, కాని సరిపోదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
3. తడి బల్బు 26, గోళం 40, గాలి 31 డిగ్రీలైతే సూచిక ఎంత?
4. వెనుక గాలిలో పరుగు ఎందుకు ఎక్కువ వేడి పుట్టిస్తున్నట్లు అనిపిస్తుంది?

9.6 వాతావరణానికి అలవాటు పడటం

వేడిలో క్రమంగా సాధన చేస్తే దేహం తనను తాను మార్చుకుంటుంది. దీనినే వాతావరణానుకూలనం అంటారు. ఇందుకు 7 నుంచి 14 రోజులు పడుతుంది.

• మొదటి 3-5 రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. అదే శ్రమకు గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది.
• తరువాత చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది.
• చెమటలో ఉప్పు శాతం తగ్గుతుంది.

సాధనలో పాటించవలసినవి : మొదటి రోజు అలవాటైన దూరంలో సగం కూడా మించకూడదు. రోజూ కొంచెం చొప్పున పెంచాలి. పోటీకి చివరి రెండు మూడు రోజులు విశ్రాంతినివ్వాలి. వేడికి దూరమైతే రెండు మూడు వారాల్లో ఈ లాభంలో చాలా భాగం పోతుంది. ఎ.సి. గదిలో పనిచేస్తూ, ఎ.సి. వ్యాయామశాలలో సాధన చేసే వ్యక్తి విశాఖలో పుట్టి పెరిగినా సరే, అతని దేహం వేడికి అలవాటు పడినట్లు కాదు.

వేడి పనుల్లో కొత్తగా చేరేవారికి మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కొత్తగా చేరినవారు పాతవారితో సమానంగా మొదటి రోజే నిలబడాలని పంతం పట్టడం పరిశ్రమలోనూ, క్రీడలోనూ ప్రమాదకరమే.

ఒక హెచ్చరిక. అనుకూలనం వల్ల చెమట పెరుగుతుంది కాని, గాలిలోని తేమ తగ్గదు. పొడి ప్రాంతంలో వచ్చినంత లాభం తీరంలో రాదు. చెమట ఎక్కువ పడుతుంది కాబట్టి నీటి అవసరం కూడా పెరుగుతుంది.

9.7 నీరు, ఉప్పు

9.7.1 చెమట రేటు

ఎంత తాగాలనేది అందరికీ ఒకటే కాదు. ఈ చిన్న ప్రయోగం చేయండి. గంటసేపు సాధనకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకుని, తక్కువ దుస్తులతో బరువు చూసుకోండి.

చెమట = (ముందు బరువు - తరువాత బరువు) + తాగిన నీరు - మూత్రం

ఉదాహరణకు ముందు 68.0 కిలోలు, తరువాత 67.1 కిలోలు, తాగినది అర లీటరు, మూత్రం లేదు. చెమట = 0.9 + 0.5 = 1.4 లీటర్లు. ఇదే ప్రయోగాన్ని మే నెలలోనూ, డిసెంబరులోనూ చేస్తే తేడా తెలుస్తుంది.

పరుగులో జీర్ణనాళం గంటకు సుమారు ఒక లీటరుకు మించి పీల్చుకోలేదు. చాలామంది 400-800 మి.లీ. మాత్రమే సుఖంగా తాగగలుగుతారు. కాబట్టి గంటకు 1.4 లీటర్ల చెమట పట్టే వ్యక్తి దానిని పూర్తిగా భర్తీ చేయలేడు. దేహ బరువులో 2 శాతానికి మించి తగ్గితే సామర్థ్యం పడిపోవడం మొదలవుతుంది. ఇక్కడ కూడా మార్గం ఒకటే : వేగం తగ్గించి, చెమటనే తగ్గించడం.

9.7.2 ఎక్కువ తాగినా ప్రమాదమే

'దాహం వేసినా వేయకపోయినా తాగుతూ ఉండండి' అనే సలహా ప్రాణాంతకం కావచ్చు. పోయిన దానికంటే ఎక్కువ నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఈ స్థితిని హైపోనాట్రీమియా అంటారు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే తగ్గడం దీని గుర్తు. తలనొప్పి, వాంతి, తికమక, ఫిట్స్ దీని లక్షణాలు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి ఈ స్థితి కనిపించింది. గమ్యం చేరేసరికి బరువు పెరిగి ఉంటే, ఎక్కువ తాగినట్లే. నెమ్మదిగా పరుగెత్తేవారికి తాగడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి వారికే ఈ ప్రమాదం ఎక్కువ.

9.7.3 ఏమి తాగాలి?

లీటరు చెమటలో అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా సోడియం పోవచ్చు. నల్ల చొక్కా మీద తెల్లని చారలు మిగిలేవారికి ఎక్కువ పోతున్నట్లు. చాలా గంటల పోటీలో ఉత్త నీరు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారయ్యే ఓ.ఆర్.ఎస్. లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. మిగిలినవి సిట్రేటు, పొటాషియం లవణాలు. ఉప్పు భర్తీకి ఇది మేలు, కాని శక్తికి చాలదు. అందుకు అరటిపండు, బెల్లం వంటివి తోడు కావాలి.

ఉత్తరాంధ్ర ఇళ్లలో వేసవిలో తాగే ఉప్పు మజ్జిగ, గంజి, తరవాణి ఈ అవసరాన్ని ఏనాటి నుంచో తీరుస్తున్నాయి. సాధన ముగిశాక ఇవి చక్కగా పనిచేస్తాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కాబట్టి కొబ్బరినీళ్లు తాగినా చిటికెడు ఉప్పు అవసరమే. పోటీ రోజున కొత్త పానీయం మొదలుపెట్టకూడదు. రక్తపోటు, మూత్రపిండాల సమస్యలున్నవారు ఉప్పు పెంచే ముందు వైద్యుణ్ణి అడగాలి.

9.8 ప్రమాద సూచనలు, ప్రథమ చికిత్స

2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. వారిలో చాలామంది ఎండలో తిరిగిన కూలీలు, వృద్ధులు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బ దీనికి కొంత భిన్నం. ఇది ఆరోగ్యవంతులైన యువతకు, మేఘావృతమైన రోజున కూడా రావచ్చు.

వేడి అలసట : నీరసం, తలతిరగడం, వికారం, కండరాలు పట్టేయడం. స్పృహ, మాట సక్రమంగా ఉంటాయి. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా ఉంచి, ద్రవాలు ఇస్తే తేరుకుంటారు.

శ్రమ వడదెబ్బ : దేహాంతర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించడంతో పాటు మెదడు పనితీరు దెబ్బతింటుంది. తూలడం, పొంతనలేని మాటలు, కారణం లేని కోపం, దారి మరచిపోవడం, స్పృహ తప్పడం దీని గుర్తులు.

వడదెబ్బ తగిలితే చర్మం పొడిగా మారుతుందని చాలామంది నమ్మకం. శ్రమ వడదెబ్బలో చెమట ధారాళంగా కారుతూనే ఉండవచ్చు. చర్మాన్ని కాదు, మాటను, నడకను చూడాలి. పేరు, ఊరు, ఎన్నో కిలోమీటరులో ఉన్నదీ అడగండి. సమాధానం తేడాగా ఉంటే అది వడదెబ్బేనని భావించి చికిత్స మొదలుపెట్టండి.

చికిత్స సూత్రం : ముందు చల్లబరచండి, తరువాత తరలించండి.

1. 108కి ఫోన్ చేయించండి. మీరు మాత్రం చల్లబరచడం మొదలుపెట్టండి.
2. మెడ వరకు ఐసు నీళ్ల తొట్టిలో ఉంచండి. తల మునగకుండా ఒకరు పట్టుకోవాలి.
3. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని నీళ్లు, ఐసు పోయండి. చేపల రేవుల్లో, కూల్‌డ్రింకు దుకాణాల్లో ఐసు దొరుకుతుంది.
4. అదీ లేకపోతే ఒళ్లంతా తడి గుడ్డలు కప్పి, తరచు మారుస్తూ, విసురుతూ ఉండండి.
5. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.
6. పారాసెటమాల్ ఇవ్వవద్దు. ఇది జ్వరం కాదు, ఆ మందు పనిచేయదు.

కుప్పకూలిన అరగంటలోపు ఉష్ణోగ్రతను 39 డిగ్రీల కిందికి తేగలిగితే దాదాపు అందరూ బతుకుతారు. ఆలస్యమైన కొద్దీ మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటాయి. ఆటోలో ఎక్కించి ట్రాఫిక్‌లో ఆసుపత్రికి తీసుకువెళ్లే సమయం కంటే, రోడ్డు పక్కన ఐసు నీళ్లలో ఉంచిన పది నిమిషాలు విలువైనవి.

జ్వరం, విరేచనాలు తగ్గి వారం కానివారు, ముందు రాత్రి నిద్రలేనివారు, మద్యం సేవించినవారు ఆ రోజు పోటీకి దిగకూడదు. గుండె దడ, చలివణుకు, ఎండలో రోమాలు నిక్కబొడుచుకోవడం - వీటిలో ఏది కనిపించినా ఆగి, నీడ చేరాలి. పోటీలు మళ్లీ వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - III
5. వేడి అలసటకూ, శ్రమ వడదెబ్బకూ ముఖ్యమైన తేడా ఏమిటి?
6. పోటీ ముగిశాక బరువు పెరిగి ఉంటే ఏమి గ్రహించాలి?

9.9 సారాంశం

శ్రమలో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. వేడి వాతావరణంలో దానిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఆవిరి కావడం. తేమ ఎక్కువైతే చెమట కారుతుంది కాని ఆవిరి కాదు. అందువల్ల 32 డిగ్రీల విశాఖ, 40 డిగ్రీల అనంతపురం కంటే ప్రమాదకరం కావచ్చు. ఈ తీవ్రతను తడి బల్బు గోళ ఉష్ణోగ్రత కొలుస్తుంది. రెండు వారాల అలవాటు, కొలిచిన నీరు, తగినంత ఉప్పు సహాయపడతాయి. కాని వీటిలో ఏదీ వేగం తగ్గించడానికి ప్రత్యామ్నాయం కాదు. మాటలో, నడకలో తేడా వస్తే వడదెబ్బగా భావించి, ముందు చల్లబరచి తరువాత తరలించాలి.

9.10 ముఖ్య పదాలు

బాష్పీభవనం : ద్రవం ఆవిరిగా మారడం. ఆ క్రమంలో వేడిని గ్రహిస్తుంది.
సాపేక్ష ఆర్ద్రత : ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టుకోగల గరిష్ఠ నీటి ఆవిరిలో, ప్రస్తుతం ఉన్నది ఎంత శాతమో తెలిపే కొలత.
వాతావరణానుకూలనం : వేడిలో క్రమమైన సాధన వల్ల దేహంలో వచ్చే అనుకూల మార్పులు.
హైపోనాట్రీమియా : రక్తంలో సోడియం పరిమాణం ఉండవలసిన దానికంటే తగ్గడం.
దేహాంతర ఉష్ణోగ్రత : చర్మం కాక, లోపలి అవయవాల ఉష్ణోగ్రత.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు

1. 540 కిలోకేలరీలు.
2. ఆవిరి కాకుండా కారిపోతే చర్మం నుంచి వేడిని గ్రహించదు కాబట్టి.
3. 18.2 + 8.0 + 3.1 = 29.3 డిగ్రీలు.
4. గాలి, మనిషి ఒకే వైపు కదలడం వల్ల చర్మానికి గాలి తగలక, బాష్పీభవనం, సంవహనం తగ్గుతాయి. పుట్టే వేడి పెరగదు, పోయే వేడి తగ్గుతుంది.
5. వేడి అలసటలో స్పృహ, మాట సక్రమంగా ఉంటాయి. శ్రమ వడదెబ్బలో మెదడు పనితీరు దెబ్బతింటుంది.
6. పోయిన దానికంటే ఎక్కువ తాగినట్లు. హైపోనాట్రీమియా ప్రమాదం ఉంది.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తేమతో కూడిన వేడిలో దీర్ఘదూర శ్రమ ఎందుకు ప్రమాదకరమో వేడి లెక్కల సహాయంతో వివరించండి.
2. శ్రమ వడదెబ్బ లక్షణాలను, ప్రథమ చికిత్సను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
3. తడి బల్బు గోళ ఉష్ణోగ్రతలోని మూడు అంశాలను తెలిపి, తడి బల్బుకు ఎక్కువ ప్రాధాన్యం ఎందుకో రాయండి.
4. సైకిల్ దశలో కలిగే చల్లదనం పరుగు దశకు ఎలా హాని చేస్తుంది?
5. మీ ఊళ్లో ఒక వారం పాటు మీ చెమట రేటును కొలిచి, ఆ ఫలితాలపై వ్యాఖ్యానించండి.